ఇన్‌లెట్ దగ్గర టర్బులెన్స్: తప్పించుకోవడం నుంచి తయారీ దాకా

గొట్టంలో పారే నీటినైనా, విమానం రెక్క మీది గాలినైనా కంప్యూటర్‌లో లెక్కకట్టాలంటే చుట్టూ ఎక్కడో ఒకచోట హద్దు గీయక తప్పదు. గోడ దగ్గర పెద్ద తర్జనభర్జన లేదు: జిగట ఉన్న ద్రవం గోడను అంటుకుని ఉంటుంది, అక్కడ వేగం సున్నా. ప్రవాహం బయటికి పోయే చోట జరిగిన పొరపాటు చాలావరకు దానితోపాటే కొట్టుకుపోతుంది. లోపలికి వచ్చే చోటు, అంటే ఇన్‌లెట్, అలాంటిది కాదు. అక్కడ ఇచ్చిన విలువల ప్రభావం లెక్క పొడవునా పారుతుంది. పైగా హద్దు దాటకముందు ఆ ప్రవాహం ఏ మలుపులు తిరిగిందో, ఏ గోడలను ఒరుసుకుందో కంప్యూటర్‌కు తెలియదు. ఆ గతాన్ని విశ్లేషకుడే కల్పించి ఇవ్వాలి.

తొలినాటి పరిశోధకులు ఈ పనిని తెలివిగా తప్పించుకున్నారు. 1972లో స్టీవెన్ ఆర్జాగ్, ప్యాటర్సన్ 32×32×32 బిందువుల పెట్టెలో టర్బులెన్స్‌ను, అంటే సుడులతో క్రమం లేకుండా సాగే ప్రవాహాన్ని, నేరుగా లెక్కకట్టారు. ఆ పెట్టెకు ఇన్‌లెట్టే లేదు. ఒక ముఖం నుంచి వెళ్లిపోయిన ప్రవాహమే ఎదుటి ముఖం నుంచి తిరిగి వస్తుంది. 1987లో జాన్ కిమ్, పర్విజ్ మొయిన్, రాబర్ట్ మోజర్ రెండు సమాంతర గోడల మధ్య ప్రవాహాన్ని దాదాపు 40 లక్షల బిందువులతో లెక్కించినప్పుడూ ఈ ఏర్పాటునే వాడారు. పొడవునా తీరు మారని ప్రవాహానికి ఇది చక్కగా సరిపోతుంది. మెట్టు మీదుగా దూకే ప్రవాహానికి, గోడను ఆనుకుని, దూరంతోపాటు మందం పెరిగే సరిహద్దు పొరకు మాత్రం పనికిరాదు.

కర్మాగారాల ఇంజనీర్లకు అంత సూక్ష్మం అక్కర్లేదు, సగటు చాలు. 1970లలో లండన్ ఇంపీరియల్ కాలేజీలో లాండర్, ఆయన సహచరులు రూపుదిద్దిన కే-ఎప్సిలాన్ నమూనా వారికి ఆ సగటునే అందించింది. దానితోపాటు ఇన్‌లెట్ దగ్గర ఇవ్వాల్సిన విలువలు రెండు పెరిగాయి: టర్బులెన్స్‌లోని గతిశక్తి, అది క్షయమయ్యే రేటు. వీటిని కొలిచి చూసినవారు అరుదు. అందుకే ఒక చిట్కా వాడుకలో స్థిరపడింది: ఒడిదుడుకుల తీవ్రత సగటు వేగంలో 1 నుంచి 10 శాతం, సుడుల పరిమాణం గొట్టం వ్యాసంలో 7 శాతం. ఈ రెండో అంకె పూర్తిగా స్థిరపడిన గొట్టపు ప్రవాహం నుంచి వచ్చింది. గొట్టంతో పోలికే లేని చోట్ల కూడా దాన్ని కళ్లు మూసుకుని వాడేస్తుంటారు. భవనాల మీది గాలికి 1993లో రిచర్డ్స్, హాక్సీ ఎత్తుతో మారే ప్రత్యేక సూత్రాలు ఇవ్వడం ఇందుకు మంచి మినహాయింపు. విమాన లెక్కల్లో మరో చిక్కు ఉంది. ఇన్‌లెట్‌లో ఇచ్చిన టర్బులెన్స్ రెక్కను చేరేలోపే సన్నగిల్లిపోతుంది. 2007లో స్పలార్ట్, రమ్సీ దీన్ని విశ్లేషించి, ఎంత విలువ ఇవ్వాలో సూచించారు.

ధ్వని తరంగాలు కూడా ఉన్న సంపీడ్య ప్రవాహాల సంగతి వేరు. ధ్వనికన్నా నెమ్మదిగా లోపలికి వచ్చే ప్రవాహానికి, జిగటను పక్కన పెడితే, త్రిమితీయ సమీకరణాలు ఐదింటిలో నాలుగు షరతులే బయటి నుంచి ఇవ్వాలి. ఐదోది లోపలి నుంచి ఎదురొచ్చే తరంగం నిర్ణయిస్తుంది. 1992లో ప్వాంసో, లెలె ఈ పద్ధతిని జిగట ఉన్న ప్రవాహాలకు విస్తరించారు.

అసలు పరీక్ష సుడులను విడివిడిగా లెక్కకట్టే రోజుల్లో ఎదురైంది. సగటు వేగానికి యాదృచ్ఛిక అంకెలు కలిపితే చూడ్డానికి టర్బులెన్స్‌లాగే ఉంటుంది. కానీ పక్కపక్క బిందువుల మధ్య, ఒక క్షణానికీ మరుక్షణానికీ పొంతన ఉండదు. శక్తి అంతా అతి చిన్న సుడుల్లోకి చేరి, జిగట వల్ల కాసేపట్లోనే హరించుకుపోతుంది. మెట్టు మీది ప్రవాహంపై లె, మొయిన్, కిమ్ 1997లో ప్రచురించిన లెక్కలో ఒడిదుడుకులను మరింత జాగ్రత్తగా తయారుచేశారు. అయినా అవి అసలు రూపానికి రావడానికి మెట్టుకు ముందు దాని ఎత్తుకు 10 రెట్ల పొడవు కేటాయించాల్సి వచ్చింది. మొత్తం పొడవు 30 రెట్లు. అందులో మూడో వంతు ఖర్చు ఇన్‌లెట్‌కే పోయింది.

1998లో లుండ్, వు, స్క్వైర్స్ చూపిన దారి ఈ కథలో అన్నిటికన్నా అందమైనది. స్పలార్ట్ అంతకు పదేళ్ల ముందు సరిహద్దు పొర మీద చేసిన పనిని వారు సరళం చేశారు. లెక్కలోనే కొంత దిగువన ఒక అడ్డుకోత తీసుకుంటారు. గోడ దగ్గరి భాగాన్ని ఒక కొలతతో, పైభాగాన్ని మరో కొలతతో సరిపెట్టి, పొర మందం తగ్గించి మళ్లీ ఇన్‌లెట్‌లో పోస్తారు. అప్పుడు లోపలికి వచ్చేవి నిజమైన సుడులే. లోపమూ ఉంది: అవే సుడులు తిరిగి తిరిగి రావడంతో ప్రకృతిలో లేని ఒక లయ లెక్కలో చొరబడుతుంది. సంక్లిష్ట ఆకారాల్లో అడ్డుకోత తీయడానికి తగిన చోటే దొరకదు.

అలాంటి చోట్ల సుడులను కల్పించక తప్పలేదు. 2003లో క్లైన్, సాదికి, యానిక్కా యాదృచ్ఛిక అంకెలను వడపోసి, కోరిన పరిమాణమూ తీవ్రతా వచ్చేలా చేశారు. 2006లో మాంచెస్టర్‌లో జారిన్ బృందం ఇన్‌లెట్ చుట్టూ ఊహాత్మక పెట్టె కట్టి, అందులో సుడులను చల్లి, సగటు వేగంతో సాగనిచ్చింది. ఈ కోవకు చెందిన పద్ధతులు నేడు ఓపెన్‌ఫోమ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా దొరుకుతున్నాయి. అయినా కల్పించిన సుడులు గోడ దగ్గర నిజమైన టర్బులెన్స్‌గా మారడానికి తరచూ సరిహద్దు పొర మందానికి పది రెట్లో, అంతకన్నా ఎక్కువో దూరం పడుతుంది. ఆ దూరాన్ని లెక్కలో చేర్చని ఫలితాలు, ముఖ్యంగా గోడ ఘర్షణ అంకెలు, నమ్మదగినవి కావు.