చెమటకో చరిత్ర

మనిషి చెమటోడ్చి సంపాదించిన డబ్బులో కొంత, ఆ చెమట వాసన ఎవరికీ తెలియకుండా దాచడానికే ఖర్చు పెడుతున్నాడు. దీన్ని నాగరికత అంటారు. నాకేమీ అభ్యంతరం లేదు, ముఖ్యంగా మే నెలలో సిటీ బస్సులో నిలబడి ప్రయాణం చేస్తున్నప్పుడు. కాని ఈ దాపరికానికీ ఓ చరిత్ర ఉందండీ.

అసలు అప్పుడే పట్టిన చెమటకు చెప్పుకోదగ్గ వాసనంటూ ఉండదు. యుక్తవయస్సు వచ్చాక చంకల్లో కొన్ని ప్రత్యేక గ్రంథులు పని మొదలుపెడతాయి. వాటి చెమటను అక్కడే కాపురముంటున్న సూక్ష్మజీవులు విడగొడితే పుట్టేదే ఆ వాసన. అందుకని మందులూ రెండు రకాలు. సూక్ష్మజీవుల్ని అణిచి, పైన పరిమళం కప్పేది డియోడరెంటు. అల్యూమినియం లవణాలతో చెమట నాళాలను తాత్కాలికంగా మూసి, చెమటనే తగ్గించేది యాంటీపెర్స్పిరెంటు. మనం రెంటినీ కలిపి 'సెంటు' అనేసి ఊరుకుంటాం.

1888లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 'మమ్' అనే పేరుతో, వేలితో తీసి రాసుకునే జింకు లేపనం ఒకటి వచ్చింది. అయితే అసలు కథ సిన్సినాటి నగరంలోని ఎడ్నా మర్ఫీ అనే అమ్మాయిది. ఆమె తండ్రి శస్త్రవైద్యుడు. ఆపరేషన్లు చేసేటప్పుడు చేతులు చెమర్చకుండా ఆయన ఓ ద్రవం తయారుచేసుకుంటే, ఈ అమ్మాయి దాన్ని చంకలకు రాసి చూసింది. బ్రహ్మాండంగా పనిచేసింది! తాతగారి దగ్గర 150 డాలర్లు అప్పు పుచ్చుకుని, 'ఓడొరోనో' అని పేరు పెట్టి వ్యాపారం మొదలెట్టింది. "వాసనా? అయ్యో, వద్దు!" అని ఆ పేరులోనే శ్లేష. 1912లో అట్లాంటిక్ సిటీ ప్రదర్శనలో, ఎండల పుణ్యమా అని, సరుకు కదిలింది. ఎర్రటి రంగు, ఆమ్లగుణం. చర్మం మండేది, బట్టలు పాడయ్యేవి. అయినా కొన్నారు.

కాని చాలామంది ఆడవాళ్ళు "నాకెందుకమ్మా ఇది?" అనే అన్నారు. అప్పుడు ప్రకటనలు రాసే జేమ్స్ యంగ్ అనే పెద్దమనిషి రంగంలోకి దిగాడు. 1919లో ఓ మహిళా పత్రికలో ఆయన రాసిన ప్రకటన సారాంశం ఏమిటంటే – నీ దగ్గర వాసన వస్తుంది, అది నీకు తెలియదు, తెలిసినవాళ్ళు నీకు చెప్పరు! ఒళ్ళు మండి దాదాపు 200 మంది పాఠకులు చందాలు మానేశారు. ఆయనకు పరిచయమున్న స్త్రీలే మాట్లాడడం మానుకున్నారట. అమ్మకాలు మాత్రం 112 శాతం పెరిగాయి. సీసాలో ఉన్నది అల్యూమినియం క్లోరైడు. అమ్మింది సిగ్గు.

సిగ్గుతో పెరిగిన సరుకును తరవాత భయం పట్టుకుంది. చంకకు రాసే మందు రొమ్ము కేన్సరు తెస్తుందని 1990ల చివర్లో వదంతులు పాకాయి. 2002లో ప్రచురించిన ఓ అమెరికన్ పరిశోధనలో, జబ్బు ఉన్న 813 మందినీ, లేని 793 మందినీ పోల్చి చూస్తే సంబంధమేమీ కనబడలేదు. 2004లో బ్రిటన్‌లో 20 కణితుల్ని పరీక్షించి, వాటిలో పారాబెన్లనే నిలవమందులు ఉన్నాయన్నారు. అయితే పక్కనున్న ఆరోగ్యమైన కండను పరీక్షించలేదు, అవి డియోడరెంటు నించే వచ్చాయనీ తేల్చలేదు. అలాగని అంతా వట్టి పుకారే అనడానికీ లేదు. 2021లో అమెరికాలో కొన్ని స్ప్రే డబ్బాల్లో బెంజీన్ బయటపడింది. అది నిజంగానే కేన్సరు కారకం. ఆ డబ్బాల్ని దుకాణాల నించి వెనక్కి తీసుకున్నారు.

భయపడ్డవాళ్ళు వంటింట్లోకి పరుగెత్తారు. వంటసోడా, కొబ్బరినూనె, మొక్కజొన్న పిండి కలిపి రాసుకోవడం ఒక పద్ధతి. సోడా క్షారం. చర్మానిది కాస్త పులుపు గుణం. వాటికి పొసగక చాలామందికి చంకలు ఎర్రగా కందిపోతాయి. నిమ్మకాయ రుద్దేవాళ్ళ ధైర్యానికి నా నమస్కారం. మన సున్నిపిండి వీటికంటే మర్యాదస్తురాలు. పెసలూ, కచ్చూరాలూ, బావంచాలూ కలిపి కొట్టిన పిండితో నలుగు పెట్టుకుంటే ఒంటి జిడ్డు వదిలి, మంచి వాసన వేస్తుంది. కాని సాయంత్రం దాకా కాపలా కాయమంటే దాని వల్ల కాదు.

మా అన్నయ్య కూతురు అమెరికా నించి వస్తూ ఓ తెల్లటి రాయి తెచ్చింది. "అల్యూమినియం అంటే భయం బాబాయ్, అందుకే ఇది వాడుతున్నా. ప్రకృతి సహజం" అంది. లేబులు చదివాను. పొటాషియం ఆలం! అంటే మన పటిక. గోదావరి కొత్తనీరు తేరడానికి బిందెలో తిప్పేదీ, గడ్డం గీశాక మంగలి గాటు మీద రుద్దేదీ ఇదే. పొటాషియమూ అల్యూమినియమూ కలిసిన సల్ఫేటు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అల్యూమినియం వద్దని అల్యూమినియాన్నే రుద్దుకుంటోంది పాపం.

"అయితే ఏం చెయ్యమంటావ్?" అంది. రోజూ సబ్బుతో కడుక్కుని తడి లేకుండా తుడుచుకో, నూలుబట్టలు కట్టుకో, పటికే వాడుకో, అగ్గువ. కందితే మానెయ్, కొత్తగా గీసిన చర్మం మీద మాత్రం ఏదీ రాయకు అన్నాను. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు అల్యూమినియం మందులకు ముందు డాక్టర్ని అడగాలని అమెరికాలో డబ్బా మీదే రాస్తారు. ఆ హెచ్చరిక ఆవిడకు అక్కర్లేదు గాని, వాళ్ళ నాన్నకు చెప్పమన్నాను.

రాయి ఇక్కడే వదిలేసి వెళ్ళింది. గడ్డం గీసుకున్నాక నేను వాడుతున్నాను.