కోడలి మీదికి నెట్టిన కథ: బీటిల్స్ ఎందుకు విడిపోయారు?

(ఎటోబికోలో తెలుగు శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగానికి అక్షరరూపం)



ఈ వారం పాటల గురించి కాకుండా, పాటలు పాడిన ఒక ఇంటి గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఇల్లు అని ఎందుకంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. లివర్‌పూల్ నుంచి వచ్చిన ఈ నలుగురూ ఎందుకు విడిపోయారని అడిగితే, వాళ్ళ పాట ఒక్కటి కూడా వినని వాళ్ళ దగ్గర సైతం జవాబు సిద్ధంగా ఉంటుంది: జాన్ పెళ్ళాడిన ఆ జపాన్ ఆవిడ, యోకో ఓనో, వచ్చి విడగొట్టిందని. మన ఊళ్ళలో అన్నదమ్ములు వేరుపడితే ఏమంటారు? కొత్త కోడలు కాలుపెట్టింది, పొయ్యి రెండయింది అంటారు. అచ్చం అదే కథ. బహుశా అందుకే మనవాళ్ళు కూడా దీన్ని ఇట్టే నమ్మేస్తారు.

అది ఎంతవరకు నిజమో చూద్దాం. ఇందులో మన టొరాంటోకి కూడా కాస్త భాగం ఉంది.

ముందు ఇంటిపెద్ద సంగతి. బీటిల్స్‌కి మేనేజరు బ్రయన్ ఎప్‌స్టైన్. లెక్కలు, ఒప్పందాలు, తగువులు తీర్చడం అన్నీ ఆయనే చూసుకునేవాడు. 1967 ఆగస్టు 27న, 32 ఏళ్ళకే ఆయన చనిపోయాడు. ఇంటిపెద్ద పోయాక ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. నలుగురూ కలిసి ఆపిల్ అనే సొంత కంపెనీ పెట్టారు. డబ్బు నీళ్ళలా ఖర్చయింది, అదుపు చేసేవాళ్ళు లేరు. 1968 ఆగస్టులో రింగో అలిగి వెళ్ళిపోయి, రెండు వారాలకు తిరిగొచ్చాడు. 1969 జనవరిలో జార్జ్ అలిగాడు, ఆయనా తిరిగొచ్చాడు. అంటే యోకో పేరు చెప్పుకునే ఆ విడిపోవడానికి ముందే ఇద్దరు గడప దాటి వెనక్కి వచ్చారన్న మాట.

ఇక డబ్బు లెక్కలు ఎవరి చేతిలో పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. జాన్, జార్జ్, రింగో అమెరికా నుంచి వచ్చిన ఆలెన్ క్లైన్ కావాలన్నారు. పాల్ మాత్రం తన భార్య లిండా తండ్రి లీ ఈస్ట్‌మన్, ఆమె అన్న జాన్ ఈస్ట్‌మన్ చూడాలన్నాడు. వాళ్ళిద్దరూ లాయర్లే. కానీ మిగతా ముగ్గురి వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి. ఉమ్మడి ఆస్తి తాళాలు ఒక తమ్ముడి మామగారికీ బావమరిదికీ ఇమ్మంటే ఏ ఇంట్లో ఒప్పుకుంటారు? తమాషా ఏమిటంటే, అల్లుడి తరఫు మామగారి పేరు ఎవరికీ గుర్తు లేదు. కోడలి పేరు మాత్రం లోకమంతా ఎరుగును.

ఇప్పుడు మన ఊరి సంగతి. 1969 సెప్టెంబరు 13న టొరాంటో వార్సిటీ స్టేడియంలో రాక్ అండ్ రోల్ రివైవల్ అని పెద్ద కచేరీ జరిగింది. కిప్లింగ్‌లో సబ్‌వే ఎక్కి సెయింట్ జార్జ్‌లో దిగితే ఇప్పటికీ అక్కడ స్టేడియం ఉంది, పాతది పడగొట్టి కట్టిన కొత్తది. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ లాంటి మహామహులున్నా టిక్కెట్లు అమ్ముడుపోలేదు. నిర్వాహకులు దిక్కుతోచక లండన్‌లో లెనన్‌కి ఫోను చేశారు. వచ్చి కూర్చుంటే చాలనుకున్నారు, ఆయన పాడతానన్నాడు! ఎరిక్ క్లాప్టన్‌ని, క్లాస్ ఫోర్‌మన్‌ని, ఆలన్ వైట్‌ని అప్పటికప్పుడు పోగేసి, విమానంలోనే సాధన చేసుకుంటూ వచ్చి, మన ఎటోబికో పక్కనే ఉన్న విమానాశ్రయంలో దిగాడు. వేదిక ఎక్కేముందు భయంతో వాంతి చేసుకున్నాడట. సుమారు 20,000 మంది ముందు, బీటిల్స్ లేకుండా, పాడాడు.

ఆ ప్రయాణంలోనే తాను బీటిల్స్ నుంచి వెళ్ళిపోతున్నానని క్లాప్టన్‌కీ ఫోర్‌మన్‌కీ చెప్పానని లెనన్ తర్వాత స్వయంగా చెప్పాడు. సరిగ్గా వారానికి, సెప్టెంబరు 20న, లండన్‌లో పాల్‌కీ రింగోకీ ఆ మాటే చెప్పాడు. కొత్త రికార్డుల ఒప్పందం చేతికొచ్చే వేళ కనుక బయటికి పొక్కనివ్వొద్దన్నాడు క్లైన్. ఏడు నెలలు గుట్టుగా ఉంచారు. 1970 ఏప్రిల్ 10న పాల్ మాటలు పేపర్లకెక్కేసరికి, విడగొట్టింది పాల్ అన్నారు. కోడలి తర్వాత నింద మోసింది ఆయనే.

అలాగని టొరాంటోకి రాకముందే జాన్ మనసు విరిగిపోయిందా అంటే, అదీ అనలేం. కొద్దిరోజుల ముందు ముగ్గురు కూర్చుని మాట్లాడుకున్న టేపు ఒకటుంది. ఆస్పత్రిలో ఉన్న రింగో కోసం రికార్డు చేశారు. చరిత్రకారుడు మార్క్ లూయిసన్ 2019లో దాని సంగతి బయటపెట్టాడు. అందులో తర్వాతి ఆల్బంలో ఎవరికెన్ని పాటలో జాన్ స్వయంగా పంచుతున్నాడు. 2021లో పీటర్ జాక్సన్ తీసిన గెట్ బ్యాక్ డాక్యుమెంటరీలో యోకో ఉంది. జాన్ పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటూ కనిపిస్తుంది. స్టూడియోలో భార్యలు కూర్చోవడం అంతకుముందు అలవాటు లేదు, మిగతావాళ్ళకి ఇబ్బందిగా ఉండే ఉంటుంది. ఆ మాట కాదనను. కానీ ఆమె స్పీకరు పెట్టె మీద కూర్చుందని విడిపోయారంటారు చూడండి, యాభై ఏళ్ళ తర్వాత, అని 1969 జనవరిలోనే నవ్వుతూ అన్నది ఎవరో కాదు, పాల్!

అసలు ముడి కాగితంలో ఉంది. 1967లో నలుగురూ పదేళ్ళ భాగస్వామ్యం రాసుకున్నారు. విడిగా పాడినా ఆ సంపాదన ఉమ్మడిలోకే. క్లైన్ ఆ కాగితంలో లేడు, కాబట్టి క్లైన్ చేతిలోంచి బయటపడాలంటే పాల్ తన స్నేహితుల మీదే దావా వెయ్యాలి. 1970 డిసెంబరు 31న వేశాడు. 1971 మార్చిలో కోర్టు రిసీవరును నియమించింది. 1973లో ఆ ముగ్గురూ కూడా క్లైన్‌తో తెగతెంపులు చేసుకుని కోర్టుకెక్కారు. పాల్ భయం ఉత్తదేం కాదన్న మాట. 1974 డిసెంబరులో ఫ్లోరిడాలో ఒక హోటల్లో జాన్ ఆఖరి సంతకం చేశాడు. 1975 జనవరిలో భాగస్వామ్యం చట్టప్రకారం రద్దయింది. విడిపోదామన్నది ఒక వారం మాట. విడిపోవడానికి పట్టింది ఐదేళ్ళు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనవాళ్ళలో ఇక్కడికొచ్చాక ఊళ్ళో ఇల్లు, పొలం పంచుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. ఫోన్లలో ఏ కథ నడుస్తుందో మీకు తెలుసు. ఎవరో ఒకావిడ పేరు చెబితే అందరికీ సుఖం. అన్నదమ్ముల మీద మాట రాదు, పోయిన పెద్దాయన లెక్కలు సరిగా రాసిపెట్టలేదన్న మాటా రాదు. పిల్లలు అదే విని పెరుగుతారు. అత్తయ్యతో మాట్లాడడం మానేస్తారు, ఎందుకో తెలియకుండానే.

ఈసారి మీ ఇంట్లో ఆ కథ మొదలైతే, ఒక్క ప్రశ్న అడిగి చూడండి. కాగితం మీద ఏముంది, దాని మీద సంతకాలు ఎవరివి? జవాబులో కోడలి పేరు ఉంటుందేమో, ఉండదేమో. అడగనంత వరకు తెలియదు కదా.

సెలవు.