సర్ జాన్ ఎలియట్

సర్ జాన్ ఎలియట్ (1592 - 1632 నవంబరు 27) ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతానికి చెందిన భూస్వామి, పార్లమెంటు సభ్యుడు. స్టూవర్టు వంశపు రాజులైన మొదటి జేమ్స్, మొదటి చార్లెస్‌ల కాలంలో దిగువ సభలో గొప్ప వక్తగా పేరుపొందాడు. సభలో సభ్యుడు పలికిన మాటలపై సభకే గాని న్యాయస్థానాలకు అధికారం లేదని వాదించి, ఆ వాదనను విడువక చెరసాలలోనే మరణించాడు.

తొలి జీవితం

ఎలియట్ సెయింట్ జర్మన్స్ వద్ద జన్మించాడు. కుటుంబ నివాసమైన పోర్ట్ ఎలియట్ భవనం పూర్వం ఒక క్రైస్తవ మఠం. ఆక్స్‌ఫర్డులోని ఎక్సెటర్ కళాశాలలో చదివాడు. 1614లో తొలిసారి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1618లో నైట్ బిరుదు పొందాడు. యౌవనంలో ఫ్రాన్సు పర్యటనలో అతనికి సహచరుడైన జార్జ్ విలియర్స్, తరువాత బకింగ్‌హామ్ డ్యూక్‌గా రాజుకు అత్యంత ఆప్తుడయ్యాడు. అతని ప్రాపకంతో ఎలియట్ డెవన్ తీరానికి వైస్ అడ్మిరల్ అయ్యాడు. 1623లో జాన్ నట్ అనే సముద్రపు దొంగను నిర్బంధించగా, ఆ దొంగకు ప్రభుత్వంలో అండ ఉండడం వలన ఎలియటే కొన్ని నెలలు చెరసాలలో ఉండవలసివచ్చింది.

రాజుతో వివాదం

1625లో స్పెయిన్‌పై జరిగిన కాడిజ్ దండయాత్ర ఘోరంగా విఫలమయింది. వ్యాధులతో తిరిగివచ్చిన సైనికుల దుస్థితికి బకింగ్‌హామే బాధ్యుడని భావించిన ఎలియట్, 1626లో తన పూర్వ పోషకునిపైనే అభిశంసన నడపడంలో ముందు నిలిచాడు. రోమన్ చక్రవర్తి టైబీరియస్ కొలువులోని సెజానస్‌తో అతనిని పోల్చాడు. తనను టైబీరియస్‌గా చిత్రించినట్లు భావించిన చార్లెస్ ఆగ్రహించి, ఎలియట్‌ను కొద్దిరోజులు లండన్ టవర్‌లో బంధించాడు. 1627లో రాజు బలవంతంగా వసూలుచేసిన రుణాన్ని చెల్లించ నిరాకరించినందుకు అతడు మరల చెరసాల పాలయ్యాడు. 1628 నాటి హక్కుల విజ్ఞాపన పత్రం ఆమోదానికి విశేషంగా కృషిచేశాడు.

1629 మార్చి 2

రాజాజ్ఞపై సభను వాయిదా వేయబోయిన స్పీకరు జాన్ ఫించ్‌ను డెంజిల్ హోలిస్, బెంజమిన్ వాలెంటైన్ కుర్చీలోనే పట్టి ఉంచారు. పార్లమెంటు సమ్మతి లేకుండా ఓడ సరకులపై సుంకాలు విధించమని సలహా ఇచ్చేవారు, చెల్లించేవారు, మతంలో మార్పులు తెచ్చేవారు దేశద్రోహులని సభ తీర్మానించింది. ఆ పత్రాన్ని ఎలియట్ అప్పటికే నిప్పులో వేయగా, హోలిస్ జ్ఞాపకం నుండి తీర్మానాలను వినిపించాడు. పిమ్మట చార్లెస్ పదకొండేండ్లు పార్లమెంటును సమావేశపరచలేదు.

నిర్బంధం, మరణం

1630లో న్యాయస్థానం ఎలియట్‌కు 2,000 పౌండ్ల జరిమానా విధించింది. తప్పు అంగీకరించి ఉంటే విడుదల లభించేది, అతడు అంగీకరించలేదు. చెరసాలలో "మోనార్కీ ఆఫ్ మ్యాన్" అనే గ్రంథాన్ని రచించాడు. అతని కుమారుల బాగోగులను మిత్రుడు జాన్ హాంప్‌డెన్ గమనించుచుండేవాడు. క్షయవ్యాధితో ఎలియట్ టవర్‌లోనే మరణించాడు. భౌతికకాయాన్ని కార్న్‌వాల్‌కు తీసుకొనిపోవుటకు కుమారుడు చేసుకున్న విన్నపాన్ని రాజు తిరస్కరించగా, టవర్‌లోని ప్రార్థనామందిరంలోనే ఖననం చేశారు.

ప్రాముఖ్యత

1668లో ప్రభువుల సభ నాటి తీర్పును రద్దుచేసింది. పార్లమెంటులో జరిగిన ప్రసంగాలను ఏ న్యాయస్థానంలోనూ ప్రశ్నించరాదని 1689 నాటి హక్కుల చట్టం స్పష్టపరచింది. ఎలియట్ మరణించే వరకు నిలబడినది ఈ సూత్రం కొరకే.