చెప్పిన అడుగు, వేసిన అడుగు

మా గుడిలో రథం పెట్టే షెడ్డుకి చెక్క బోర్డు కావాలన్నారు. గ్యారేజీలో నేను సొంతంగా కట్టుకున్న సిఎన్‌సి యంత్రం మీద అక్షరాలు చెక్కి తీసుకెళ్ళాను. పూజారి గారు చూసి, "రథం కాస్తా రధం అయిందేమండీ?" అన్నారు. నిజమే. థ కడుపులో ఉండాల్సిన చుక్క రెండు మిల్లీమీటర్లకు పైగా పక్కకి జరిగి, అక్షరం గాడిలో కలిసిపోయింది. తెలుగు నేర్చుకునే మనం ఈ తప్పు చేత్తో చాలాసార్లు రాసే ఉంటాం. యంత్రం ఎందుకు రాసింది? అది తెలియాలంటే కొంచెం పాత కథ తెలియాలి.

ఆ కథ మేముండే మిషిగన్ రాష్ట్రంలోనే మొదలైంది. 1940లలో ట్రావర్స్ సిటీలో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవారు. రెక్క వంపు సరిగ్గా రావాలి. ఆయనా, ఇంజనీరు ఫ్రాంక్ స్టులెన్ కలిసి, ఆ వంపు మీది బిందువులను ఐబిఎం పంచ్ కార్డు యంత్రాలతో లెక్కకట్టారు. ఆ అంకెల ప్రకారం పనివాళ్ళు చేత్తో చక్రాలు తిప్పేవారు. మరి కార్డులే చక్రాలు తిప్పితే? ఆ ఆలోచనకి 1949లో అమెరికా వైమానిక దళం డబ్బిచ్చింది. ఎంఐటి వాళ్ళు యంత్రం కట్టి 1952లో అందరికీ చూపించారు.

ఆ యంత్రంలో ఒక గొప్ప గుణం ఉంది. చిల్లుల టేపు "ఇంత దూరం వెళ్ళు" అని చెప్పేది. బల్ల ఎంత దూరం వెళ్ళిందో ఇంకో తీగ మీద తిరిగి కబురు వచ్చేది. రెండూ కలిసేదాకా మోటారు ఆగేది కాదు. అంటే అది చెప్పి ఊరుకునేది కాదు, "చేరావా?" అని అడిగేది. కానీ దానికి వందల వాక్యూమ్ ట్యూబులు కావాలి. చిన్న వర్క్‌షాపు దాన్ని కొనలేదు.

చవకైన దారి స్టెప్పర్ మోటారు. స్టెప్ అంటే అడుగు. ఒక పల్సుకి ఒక అడుగు, చుట్టుకి 200 అడుగులు. అడుగులు లెక్కపెడితే చాలు, తిరుగు కబురు అక్కర్లేదు. 1970లలో బ్రిడ్జ్‌పోర్ట్ కంపెనీ చిన్న మిల్లింగ్ యంత్రాలకి ఈ మోటార్లే పెట్టింది. 1990లలో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ ఒక కంట్రోల్ ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా వదిలింది. అదే నేటి లైనక్స్‌సిఎన్‌సి. అలా సిఎన్‌సి మన గ్యారేజీలకి వచ్చింది. వస్తూ వస్తూ ఆ "చేరావా?" అనే ప్రశ్నని దారిలో వదిలేసింది.

నా చుక్క జరిగింది అక్కడే. మోటారు అడుగు తప్పినా ప్రోగ్రాంకి తెలియదు.

మొదట మోటారుకి బలం చాలలేదనుకుని కరెంటు పెంచాను. డ్రైవ్ కాలింది కానీ తప్పు పోలేదు. వేగం సగం చేశాను. మార్పు లేదు. ఎక్స్, వై డ్రైవ్‌లను ఒకదాని చోట ఒకటి పెట్టాను. తప్పు డ్రైవ్‌తో వెళ్ళకుండా ఎక్స్ దగ్గరే ఉండిపోయింది. అంటే డ్రైవ్ మంచిదే.

అప్పుడు చెక్క తీసేసి డయల్ గేజీ పెట్టాను. ఒకే వైపు పొడుగ్గా నడిపితే తేడా లేదు. ముందుకీ వెనక్కీ 160 సార్లు తిప్పితే సరిగ్గా ఒక మిల్లీమీటరు తేడా. తప్పు దూరంతో పెరగడం లేదు, మలుపులతో పెరుగుతోంది.

లెక్క చూడండి. ఒక్కో అడుగుని 8 ముక్కలు చేశాను కాబట్టి చుట్టుకి 1600. స్క్రూ చుట్టుకి 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే మిల్లీమీటరుకి 320 అడుగులు. ముందుకి వేయాల్సిన అడుగు వెనక్కి పడితే రెండు అడుగుల తేడా. 160 సార్లకి 320.

డ్రైవ్‌కి రెండు తీగలు: ఒకటి "ఎటు", ఇంకొకటి "అడుగెయ్యి". "ఎటు" ముందు రావాలి. నా డ్రైవ్ పుస్తకంలో 5 మైక్రోసెకన్ల ముందు అని ఉంది. ప్రోగ్రాంలో ఆ సమయం నానోసెకన్లలో రాయాలి. వైకి 5000 అని సరిగ్గానే రాశాను. ఎక్స్‌కి 500 అని రాశాను. ఒక సున్నా పోయింది. అది నా చేతి తప్పే, యంత్రం నేను రాసినట్టే చేసింది.

ఇంతకు ముందు చెక్కిన ఇంగ్లీషు బోర్డుల్లో ఇది కనపడలేదు. వాటిలో నిలువు గీతలూ అడ్డ గీతలే ఎక్కువ, మలుపులు తక్కువ. మన అక్షరాలన్నీ గుండ్రం. ప్రతి సున్నా దగ్గరా మోటారు వెనక్కి తిరగాలి. పైగా అక్షరాలన్నీ అయ్యాక చివర్లో చుక్కలు పెట్టమన్నాను. పోగైన తప్పంతా చుక్క మీద పడింది.

సున్నా చేర్చి, కొత్త చెక్క మీద మళ్ళీ చెక్కాను. ఇప్పుడు ప్రతి బోర్డుకి ముందు డయల్ గేజీ పెట్టి, 1952 నాటి ఆ ప్రశ్న నేనే అడుగుతున్నాను. బోర్డు బిగించే ముందు పూజారి గారి చేత చదివిస్తున్నాను కూడా.