పుట్టకముందే కొనొచ్చా? బేబీ షాపింగ్ లిస్ట్ వెనకున్న చరిత్ర

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో మొదలై, ఫిన్లాండ్ దాకా వెళ్లి, మళ్లీ హైదరాబాద్‌కే వస్తుంది. ఒక పది నిమిషాలు నాతో ఉండండి.

మా ఆవిడకి ఇప్పుడు ఎనిమిదో నెల. పోయిన ఆదివారం ఇద్దరం కూర్చుని, పుట్టబోయే బేబీకి కావాల్సినవన్నీ ఫోన్‌లో కార్ట్‌లో వేశాం. బాటిళ్లు, వాటిని శుభ్రం చేసే స్టెరిలైజర్, వైప్స్ వేడి చేసే మెషీన్, వాకర్, స్ట్రోలర్... మొత్తం 41 ఐటమ్స్, 46 వేల రూపాయలు. పేమెంట్ కొట్టే ముందు అమ్మకి ఫోన్ చేశా. "పుట్టకముందు ఏమీ కొనొద్దురా" అంది. "ఈ కాలంలో కూడా ఇవేం నమ్మకాలమ్మా" అని నేను గొంతు పెంచా.

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. మా నాన్న కంటే ముందు నానమ్మకి ఇద్దరు పుట్టి పోయారంట. మొదటి కాన్పుకి తాత ముందే వడ్రంగి దగ్గర తొట్టెల చేయించి పెట్టాడు. బిడ్డ దక్కలేదు. ఆ తొట్టెల ఏడాది పాటు ఇంట్లో ఖాళీగా దూలానికి వేలాడింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవ్వరూ ముందు కొనలేదు.

నేను పేమెంట్ ఆపేశా. ఇన్నేళ్లూ ఈ విషయం నాకు తెలియదు.

ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. 1951 ప్రాంతంలో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో సుమారు 146 మంది ఏడాది నిండకముందే చనిపోయేవారు. అంటే ప్రతి ఏడుగురిలో ఒకరు. 2020 లెక్కకి అది 28కి తగ్గింది. "ముందు కొనొద్దు" అనే మాట ఆ పాత లెక్కల మధ్య బతికిన ఆడవాళ్లది. ఖాళీ తొట్టెల చూస్తూ బతకడం ఎంత కష్టమో వాళ్లకి తెలుసు.

ఇంకో విషయం గమనించండి. వాళ్లు కొనొద్దన్నారు గానీ, సిద్ధంగా ఉండొద్దని అనలేదు. పాత నూలు చీరలు, పంచెలు ఉతికి, ఎండలో ఆరేసి, చింపి పొత్తిగుడ్డలు చేసి పెట్టేవాళ్లు. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డ కాబట్టి మెత్తగా ఉంటుంది, చెమట పీలుస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు. రేపు ఏదైనా జరిగినా, అది మళ్లీ ఇంట్లో మామూలు గుడ్డే అయిపోతుంది.

సరే, ఇదే భయం ఉన్న ఇంకో దేశం దీనికి పూర్తి రివర్స్‌లో ఆలోచించింది. అదే ఫిన్లాండ్. ఇప్పుడంటే అది ధనిక దేశం గానీ, 1930లలో పేద దేశమే. అక్కడ కూడా వెయ్యికి సుమారు 65 మంది పసిపిల్లలు చనిపోయేవారు. 1937లో చట్టం చేసి, 1938 నుంచి పేద తల్లులకి ప్రభుత్వమే కాన్పుకి ముందు కావాల్సిన సామాను ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత అది ఒక అట్టపెట్టెగా ప్రపంచమంతా ఫేమస్ అయింది. లోపల బట్టలు, దుప్పటి, అడుగున చిన్న పరుపు. సామాను తీసేస్తే ఆ పెట్టే బిడ్డకి మొదటి మంచం.

1949లో దీన్ని ధనిక, పేద తేడా లేకుండా అందరు తల్లులకీ ఇచ్చారు. కానీ ఒక కండిషన్ పెట్టారు. నాలుగో నెల దాటకముందే డాక్టర్ దగ్గరికో, గర్భిణుల క్లినిక్‌కో వెళ్లి చూపించుకోవాలి. అప్పుడే పెట్టె ఇస్తారు.

నాకైతే అసలు తెలివి ఇక్కడే కనిపించింది. అట్టపెట్టె ఏ బిడ్డ ప్రాణాన్నీ కాపాడదు. కాపాడేది చెకప్. బీపీ చూడటం, రక్తం చూడటం, బిడ్డ అడ్డం తిరిగిందేమో కనిపెట్టడం. ఆ చెకప్ దాకా తల్లిని నడిపించడానికి పెట్టె ఒక కారణం. ఆ క్లినిక్‌లని అక్కడ నెఉవోలా అంటారు. 1922లో హెల్సింకిలో పిల్లల డాక్టర్ ఆర్వో యుల్ప్పో వాళ్లు మొదలుపెట్టిన పని అది. 1944లో చట్టం వచ్చి ఊరూరా పెట్టారు. ఇప్పుడు ఫిన్లాండ్‌లో శిశు మరణాలు వెయ్యికి రెండు దగ్గర ఉన్నాయి.

ఇప్పుడు ఆ పెట్టె లోపలికి చూద్దాం. నేను ఇంజనీర్‌ని కదా, నాకు అది సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లలాగే అనిపించింది. మొదట్లో రెడీమేడ్ బట్టలు లేవు, గుడ్డ ఇచ్చేవాళ్లు, తల్లులే కుట్టుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో గుడ్డ సైన్యానికి పోతే, పెట్టెలో కాగితం దుప్పట్లు వచ్చాయి! 1950లలో కుట్టిన బట్టలు పెరిగాయి. 1968లో స్లీపింగ్ బ్యాగ్, ఆ మరుసటి ఏడాది వాడి పారేసే డైపర్లు వచ్చాయి. 2000 ప్రాంతంలో చెత్త పెరిగిపోతోందని వాటిని తీసేసి, మళ్లీ గుడ్డ డైపర్లు పెట్టారు. అంటే తిరిగి తిరిగి మన పొత్తిగుడ్డ దగ్గరికే వచ్చారన్నమాట.

ఇంకా ముఖ్యంగా, పాల బాటిల్‌నీ, నోట్లో పెట్టే పాసిఫయర్‌నీ కూడా తీసేశారు. తల్లిపాలు పెరగాలని.

బాటిల్ గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఒక సీసా బాగా అమ్ముడుపోయింది. గాజు సీసా, దానికి పొడవాటి రబ్బరు గొట్టం, చివర పీక. బిడ్డని ఎత్తుకోనక్కర్లేదు, పక్కన పెడితే తనంతట తనే తాగుతుంది. పెద్దవాళ్లకి ఎంత సుఖం! కానీ ఆ గొట్టం లోపల కడగడం కుదరదు. పాలు అంటుకుని, క్రిములు పెరిగి, బిడ్డలు విరేచనాలతో చనిపోయారు. చివరికి జనమే దానికి హంతక సీసా అని పేరు పెట్టారు. ఫ్రాన్స్ 1910లో నిషేధించింది.

మన ఇళ్లలో ఉన్న ఉగ్గుగిన్నె గుర్తుందా? చిన్న గిన్నె, ఒక పక్క ముక్కులా ఉంటుంది. మూల మూలకీ వేలు వెళ్తుంది, మరిగే నీళ్లలో వేస్తే శుభ్రం. పైగా అది వాడాలంటే బిడ్డని ఒళ్లో పెట్టుకోవాల్సిందే. తక్కువ బరువుతో పుట్టి రొమ్ము పట్టలేని బిడ్డలకి, పిండిన తల్లిపాలు అలాంటి గిన్నెతోనే ఇప్పటికీ ఆసుపత్రుల్లో పడతారు. అలాగని పాతవన్నీ మంచివని కాదు. ఆరు నెలల లోపు ఉగ్గు పెట్టొద్దు, తల్లిపాలే చాలని డాక్టర్లు గట్టిగా చెప్తున్నారు. గిన్నె మంచిదే, ఉగ్గే అప్పుడే వద్దు.

ఇంకోటి చెప్పనా? పాల డబ్బాలకీ, పాల సీసాలకీ మన దేశంలో యాడ్స్ ఇవ్వకూడదు. 1992 చట్టం అది. మరి నా కార్ట్‌లో మొదటి ఐటమ్ బాటిల్ ఎలా అయింది? అవసరమా అని మేం ఎవ్వరినీ అడగలేదు. లిస్ట్‌లో ఉంది, వేసేశాం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2015లో తమిళనాడు అమ్మ బేబీ కిట్ తెచ్చింది. 2017 జూన్‌లో తెలంగాణలో కేసీఆర్ కిట్ వచ్చింది. సర్కారు దవాఖానాలో కాన్పు అయితే దోమతెర, బట్టలు, సబ్బులు, టవల్, చిన్న పరుపు లాంటివి ఇచ్చేవారు. దాంతో పాటు అబ్బాయి పుడితే 12 వేలు, అమ్మాయి పుడితే 13 వేలు, నాలుగు విడతల్లో అని పెట్టారు. ఒక విడత గర్భిణిగా చెకప్‌లు చేయించుకున్నాక, చివరివి టీకాలు వేయించాక. ఫిన్లాండ్ కండిషన్ లాంటిదే కదా! తెలంగాణలో సర్కారు ఆసుపత్రుల కాన్పులు 2015-16 సర్వేలో సుమారు 30 శాతం, 2019-20 సర్వేలో సుమారు 50 శాతం. అదంతా కిట్ వల్లే అని చెప్పలేం గానీ, కిట్ కూడా ఒక కారణం అనుకోవచ్చు.

ఇదంతా చదివాక మేం కార్ట్ మళ్లీ ఓపెన్ చేశాం. ప్రతి ఐటమ్‌కీ మూడు ప్రశ్నలు వేశాం. మొదటి వారంలోనే కావాలా? పూర్తిగా కడగగలమా? ఇది బిడ్డకోసమా, మన సుఖం కోసమా? వాకర్ మొదట పోయింది. పిల్లలు దెబ్బలు తగిలించుకుంటున్నారని కెనడా 2004లో దాన్ని నిషేధించింది. స్టెరిలైజర్ పోయింది, వైప్స్ మెషీన్ పోయింది. చివరికి మిగిలినవి: ఆరు జతల నూలు బట్టలు, టోపీలు, మెత్తటి టవళ్లు, దుప్పటి, దోమతెర, కొన్ని డైపర్లు, థర్మామీటర్. బిల్లు ఐదు వేలు కూడా కాలేదు. మిగిలిన డబ్బు పక్కన పెట్టాం. అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే కావాల్సింది డబ్బే.

అమ్మకి లిస్ట్ చదివి వినిపించా. "బట్టలు కొనుక్కోండి. తొట్టెల మాత్రం పుట్టాకే" అంది. సరే అన్నా. ఈసారి వాదించలేదు.

నిన్న ఊరి నుంచి ఒక మూట వచ్చింది. విప్పితే అన్నీ పొత్తిగుడ్డలు. నానమ్మ చీరలు, ఉతికి, మడత పెట్టి ఉన్నాయి. మా ఆవిడ వాటిని ఆసుపత్రి బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు "వద్దు" అంటే, ఒక్కసారి ఎందుకని అడగండి. అడిగి, ఆ వెంటనే నెల చెకప్ డేట్ ఎప్పుడో చూసుకోండి. మళ్లీ కలుద్దాం. ఉంటానండీ.