అబ్బా గోలీ వెనుక తారీఖ్

కల్వకుర్తిలో మా అబ్బా పొద్దున గోలీ వేసుకున్న గంటలోపే వాకిట్లో కూచుని వాంతి చేసుకునేవారు. చేయి వణుకు, అడుగు తడబాటు. హైదరాబాద్‌లో చూపిస్తే పార్కిన్సన్ అన్నారు. ఇంట్లో ఆ పేరు ఎవరికీ తిరగక ‘రాషా’ అనే అనేవాళ్లం. నెల తిరక్కముందే అబ్బా “ఈ దవాకంటే మర్జే నయం బేటా” అన్నారు. అమ్మీ ఒకరోజు పరుపు దులిపితే వేసుకోని గోలీలు రాలాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ మతలీ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అది అబ్బా ఒక్కరి తక్లీఫ్ కాదని, ఈ దవాతోపాటే పుట్టిందని అర్థమైంది.

రాషా మన హకీములకు పాత మాటే. వెయ్యేళ్ల కింద ఇబ్న్ సీనా తన అల్ ఖానూన్‌లో దాని గురించి రాశారు. 1817లో లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ ఈ మర్జ్ లక్షణాలను ఒకచోట చేర్చి చిన్న పుస్తకం వేశారు. ఇలాజ్ మాత్రం ఇంకా దూరంగానే ఉంది.

1913లో స్విట్జర్లాండ్‌లో గుగ్గెన్‌హైమ్ అనే రసాయన శాస్త్రవేత్త, అరబ్బులు ఫూల్ వండుకునే చిక్కుడు నుంచి లెవోడోపాను వేరుచేశారు. ఎలా పనిచేస్తుందో చూద్దామని తానే రెండున్నర గ్రాములు మింగారు. ఘోరంగా వాంతులయ్యాయి. లెవోడోపా మింగి కక్కుకున్న మొదటి మనిషి గురించి చెప్పినప్పుడు, ఎన్నో రోజుల తర్వాత అబ్బా నవ్వారు.

1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు అదే పదార్థాన్ని దూలగొండి గింజల్లో కనుగొన్నారు. ఒంటికి తగిలితే దురద పెట్టే ఆ తీగే, హకీములు కౌంచ్ అనేది. అట్లని గింజలు తెచ్చి ఇంట్లో నూరకండి. ఎంత దవా పడుతుందో తూకం ఉండదు, వాంతిని ఆపేది అందులో కలిసి ఉండదు.

1960లో వియన్నాలో, ఈ రోగుల మెదడులో డోపమైన్ తగ్గిపోతుందని తేలింది. లెవోడోపా మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. అయితే చాలా భాగం దారిలోనే, పేగుల్లో, రక్తంలో మారిపోయి వాంతి కేంద్రాన్ని రేపుతుంది. 1967లో అమెరికాలో కోట్జియాస్ అనే డాక్టర్ చిన్న మోతాదుతో మొదలుపెట్టి సబర్‌గా పెంచుకుంటూ పోయి ఫలితం చూపారు. తర్వాత కార్బిడోపా వచ్చింది. అది దారిలో జరిగే మార్పును ఆపుతుంది, తాను మాత్రం మెదడులోకి పోదు. ఈ రెండూ కలిపిన గోలీకి అమెరికాలో ‘సినెమెట్’ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ‘వాంతి లేకుండా’ అనే అర్థం వచ్చే మాటలవి. దవా పేరులోనే పరేషానీ రాసుంది!

మరి అబ్బాకు వాంతులెందుకు? జవాబు గోలీ మీది అంకెలో దొరికింది. 110 అంటే 100 మిల్లీగ్రాముల లెవోడోపా, 10 కార్బిడోపా. రోజుకు మూడు వేస్తే కార్బిడోపా 30 మాత్రమే. చాలామందికి రోజుకు 75 నుంచి 100 దాకా కావాలి. డాక్టర్ సాబ్‌ను అడిగితే 25 కార్బిడోపా ఉన్న గోలీకి మార్చారు. అంతకుముందు నేనొక తప్పు చేశాను. ఒక మందుల దుకాణంలో అడిగి మెటోక్లోప్రమైడ్ తెచ్చాను. అది మెదడులోనూ డోపమైన్‌ను అడ్డుకుంటుంది. అబ్బా ఇంకా బిగుసుకుపోయారు. ఈ మర్జ్‌లో వాంతుల గోలీ ఏదైనా డాక్టర్ని అడగకుండా వద్దు. డోంపెరిడోన్ చాలావరకు మెదడులోకి పోదు గానీ, గుండె సంగతి చూసే ఇస్తారు.

ఇక పరహేజ్. లెవోడోపా చిన్న పేగులో పీల్చుకోబడాలి. మాంసం, గుడ్డు, పాలు, పప్పుల్లోని ప్రొటీన్ దానితో పోటీ పడుతుంది. అందుకే అలవాటైనవాళ్లు తిండికి అరగంట ముందు వేసుకుంటారు. అబ్బాకు ఖాళీ కడుపు పడలేదు. రెండు రస్కులో, గుప్పెడు మురుమురాలో తిని, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోమన్నారు. పాల చాయ్ బదులు అల్లం నీళ్లు. పొద్దుటి ఖీమా రాత్రికి జరిగింది. గోష్ట్ మానలేదు, వక్త్ మార్చాం. నూనె తిండి కడుపులో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి అది తగ్గింది.

అబ్బా గోలీని నమాజుకు ముడిపెట్టుకున్నారు. ఫజర్, అసర్, మగ్రిబ్ వక్తులు ఏడాది పొడవునా జరుగుతుంటాయి, గోలీ మధ్య గంటలు జరగకూడదు. గోడ గడియారం కింద మూడు వేళలు రాసి అంటించాం.

రంజాన్ వచ్చింది. అబ్బా రోజా ఉంటానన్నారు. ఈ గోలీ ఒక్కసారిగా ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి, జ్వరమెక్కి ప్రాణం మీదికి రావచ్చని డాక్టర్ సాబ్ ముందే చెప్పారు. సూరె బఖరాలో బీమారుకు సడలింపు ఉందని ఇమాం సాబ్ గుర్తుచేశారు. ఫిద్యా ఇచ్చాం. మొదటి రోజు అబ్బా మొహం చిన్నబోయింది. అయినా మధ్యాహ్నం వేళకు గడియారం చూసి, రెండు రస్కులు తానే అడిగి తిని, గోలీ వేసుకున్నారు. పరుపు కింద ఇప్పుడు ఏమీ లేవు. అమ్మీ మాత్రం ఇంకా రోజూ దులుపుతూనే ఉంది.