పుట్టిలోంచి శ్రీరంగపట్నం

బెంగుళూరులో ఉన్న మనలో శ్రీరంగపట్నం చూడనివారు తక్కువ. ఏటి మీంచి చూసినవారు ఇంకా తక్కువ. వేసవిలో సంగమం దగ్గర పుట్టి మాట్లాడుకున్నాను. చాలాచోట్ల అడుగున రాళ్లు కనిపించాయి.

1799 మే 4న ఇంగ్లీషు సైన్యం కావేరిని నడిచి దాటి కోటలో చొరబడింది ఇలాంటి ఎండాకాలపు నీళ్లలోనే. వానలొచ్చి ఏరు పొంగితే ముట్టడి సాగడం కష్టం. టిప్పు ఆ రోజే నేలకొరిగాడు. ఆ దండులో హైదరాబాదు నిజాం సేనలూ ఉన్నాయి.

అంతకుముందు 1610లో రాజ ఒడెయరు ఈ దీవిని చేజిక్కించుకున్నది విజయనగర ప్రతినిధి తిరుమలరాజు నుంచి. ఆయనది ఆరవీటి వంశం. అంటే పోగొట్టుకున్నవారి వైపూ, ముట్టడించినవారి వైపూ మన పేరుంది.

దిగుతుంటే, ఏ ఊరని పుట్టివాడు కన్నడంలో అడిగాడు. బెంగుళూరన్నాను.

"అంతకుముందు?" అన్నాడు.

వెంటనే జవాబు తోచలేదు.